2026 సీజన్‌కి రేంజర్స్ ఎవరి మీద డబ్బు పెట్టాలి? నేనైతే ఇన్నింగ్స్ లెక్కతో మొదలుపెడతా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ టీం 2026కి జీతాల ఖర్చు తగ్గించుకుంటుందని అంటున్నారు కదా, అలాంటప్పుడు వచ్చే ఏడాది 38 మిలియన్ డాలర్లు తీసుకునే పిచర్ (బంతి వేసేవాడు) జేకబ్ డిగ్రామ్‌ని ఎవరికైనా ఇచ్చేసి ఆ డబ్బుతో బ్యాటర్లను తెచ్చుకుంటే అన్నీ సర్దుకుంటాయి కదా అని.

సర్దుకోవండి. ఇది 2025 నవంబర్ మొదటి వారంలో రాస్తున్నా, ఇంకా ఎవరూ ఎక్కడికీ కదల్లేదు, కాబట్టి ఈరోజుకి ఉన్న లెక్కతోనే చెబుతా.

నేను డల్లస్ పక్కనున్న ఇర్వింగ్‌కి వచ్చింది 2011లో. ఆ అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) ఆరో మ్యాచ్‌లో రేంజర్స్ రెండుసార్లు టైటిల్‌కి ఒక్క స్ట్రైక్ (ఒక్క మంచి బంతి) దూరం దాకా వచ్చి ఓడిపోయింది, రూల్స్ సరిగా తెలియని నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి ఏడాది నుంచి స్కోర్ బుక్ రాయడం నేర్చుకున్నా. ఇప్పుడు ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి సీజన్ టికెట్లు పంచుకుంటాం, నా వంతుకి ఏడాదికి ఇరవై మ్యాచ్‌ల దాకా వస్తాయి. సీజన్ అయిపోగానే ప్రతి అక్టోబర్‌లో ఒక ఎక్సెల్ షీట్ తెరిచి పైన 1,458 అని రాసుకుంటా. 162 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌కి మూడు ఔట్లు. బయట ఊళ్లో ఓడిన మ్యాచ్‌ల్లో ఒకటి తగ్గుతుంది, ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో కొంచెం పెరుగుతుంది, అటూ ఇటూగా 1,450 అనుకోండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఎవరో ఒకరు మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద నిలబడి ఆ 1,450 ఇన్నింగ్స్ వేయాల్సిందే, తప్పించుకోవడానికి లేదు. జీతాల గురించి ఎవరేం చెప్పినా నేను ముందు అడిగేది, ఈ 1,450లో ఈ మనిషి ఎన్ని వేస్తాడు అనే.

మనవాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఇక్కడి వీకెండ్ క్రికెట్ లీగ్‌లో నేను ఆరేళ్లు కెప్టెన్‌గా చేశా, 40 ఓవర్ల మ్యాచ్, ఒక్కో బౌలర్‌కి ఎనిమిది ఓవర్లే కోటా. టీంలో ఎంత మంచి ఫాస్ట్ బౌలర్ ఉన్నా మిగతా 32 ఓవర్లు ఎవరు వేస్తారన్నదే శుక్రవారం రాత్రి నా టెన్షన్. ఒక సీజన్‌లో మా మంచి బౌలర్‌కి భుజం పట్టేసింది. మేము ఓడింది అతను లేనందుకు అనే కంటే, అతని ఎనిమిది ఓవర్లు వేయడానికి ఇంకో మనిషిని నేను ముందే చూసుకోనందుకు అనాలి.

ఇక డిగ్రామ్ సంగతి. 2022 డిసెంబర్‌లో ఐదేళ్లకి 185 మిలియన్లతో తీసుకున్నారు. 2023 ఏప్రిల్ 28, శుక్రవారం, యాంకీస్‌తో మ్యాచ్, మా అబ్బాయిని తీసుకుని రేంజర్స్ స్టేడియం గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కి వెళ్లా. వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. నాలుగో ఇన్నింగ్స్ మధ్యలో ట్రైనర్ మౌండ్ దగ్గరికి నడిచాడు. మా సెక్షన్‌లో అప్పటిదాకా ఉన్న గోల ఒక్కసారిగా తగ్గిపోయింది, నా వెనక కూర్చున్న పెద్దాయన ‘నో, నో’ అని మెల్లగా అనుకోవడం నాకు వినిపించింది. డిగ్రామ్ గ్లవ్ చంకలో పెట్టుకుని డగౌట్‌లోకి వెళ్లిపోయాడు. ముంజేయి బిగుసుకుందని తర్వాత చెప్పారు. నేను స్కోర్ బుక్‌లో అతని పేరు పక్కన 3.2 అని రాస్తుంటే మా వాడు ‘క్రికెట్‌లో లాగానే, మూడు ఓవర్లు రెండు బాల్స్’ అన్నాడు. అలాంటిదే, మూడు ఇన్నింగ్స్ రెండు ఔట్లు. జూన్‌లో మోచేతికి టామీ జాన్ సర్జరీ (తెగిన లిగమెంట్‌ని మార్చే ఆపరేషన్) జరిగింది. మళ్లీ అతను పిచ్ చేసింది 2024 సెప్టెంబర్‌లోనే.

ఆ 2023లో డిగ్రామ్ జీతం 30 మిలియన్లు, వేసింది ముప్ఫై పైచిలుకు ఇన్నింగ్స్. అంటే ఇన్నింగ్స్‌కి దాదాపు మిలియన్. అయినా అదే ఏడాది రేంజర్స్ ఫ్రాంచైజీ చరిత్రలో మొదటి టైటిల్ గెలిచింది. ఎలా గెలిచింది? ఏప్రిల్‌లో బుల్‌పెన్‌లో (మొదటి పిచర్ దిగాక వచ్చేవాళ్లలో) ఉన్న డేన్ డన్నింగ్ అనే కుర్రాడు, ఇంకా ఆర్బిట్రేషన్ (కొన్నేళ్లు ఆడాక జీతం బేరమాడే దశ) దాకా కూడా రానివాడు, ఆ ఖాళీలోకి వచ్చి 172 ఇన్నింగ్స్ పైగా వేశాడు. వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్‌లో మ్యాక్స్ షెర్జర్ మూడు ఇన్నింగ్స్ అవగానే నడుము పట్టేసి దిగిపోతే జాన్ గ్రే వచ్చి మూడు ఇన్నింగ్స్ పరుగు ఇవ్వకుండా వేశాడు. మర్నాడు ఆండ్రూ హీనీ ఐదు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. గ్రే ఒప్పందం నాలుగేళ్లకి 56 మిలియన్లు, హీనీది రెండేళ్లకి 25. పోస్టర్ల మీద కనిపించే మనుషులు కాదు వీళ్లు. ఆ టైటిల్ గురించి మాట్లాడేటప్పుడు బ్యాటర్ కోరీ సీగర్ హోమ్ రన్లు అందరికీ గుర్తొస్తాయి, నాకు మాత్రం గ్రే ముందు గుర్తొస్తాడు.

మరి ఇంత చెప్పి డిగ్రామ్‌ని ఎందుకు ఉంచుకోమంటున్నావంటారా? 2025లో అతను 30 మ్యాచ్‌లు స్టార్ట్ చేసి (మొదటి పిచర్‌గా దిగి) 172 ఇన్నింగ్స్ పైగా వేశాడు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల సగటు, తక్కువైతే మంచిది) 2.97. రెండేళ్ల కింద ఆ మెట్ల మీద కూర్చుని ఇతని పని అయిపోయిందనుకున్నవాణ్ని, ఈ ఏడాది అతను పిచ్ చేసిన ప్రతిసారీ లేచి నిలబడి చప్పట్లు కొట్టా. ఇప్పుడు అతన్ని ఇచ్చేస్తే ఆ ఇన్నింగ్స్ ఎక్కడినుంచి తెస్తారు? బజార్లో పెద్ద పిచర్‌ని కొంటే ఏమవుతోందో పోయిన చలికాలం ఒప్పందాలు చూడండి. బ్లేక్ స్నెల్‌కి డాడ్జర్స్ ఐదేళ్లకి 182 మిలియన్లు ఇస్తే రెగ్యులర్ సీజన్‌లో 11 స్టార్టులే వచ్చాయి. కార్బిన్ బర్న్స్‌కి అరిజోనా ఆరేళ్లకి 210 మిలియన్లు ఇస్తే అతనికీ 11 స్టార్టులు కాగానే టామీ జాన్ సర్జరీ అయింది. డాడ్జర్స్ దగ్గర డబ్బుంది, అక్టోబర్‌కి స్నెల్ కోలుకుంటే చాలు అనుకోగలరు, మనం అనుకోలేం. డిగ్రామ్‌కి ఇంకా ఉన్నది రెండేళ్లే, 38, ఆపైన 37 మిలియన్లు. కొత్తగా ఆరేళ్ల బరువు నెత్తికెత్తుకోవడం కంటే ఈ రెండేళ్లు నయం. జూన్‌లో అతనికి 38 ఏళ్లు వస్తాయన్నది నిజమే, అందుకే నా షీట్‌లో అతనికి 172 వేసుకోలేదు, 140 వేసుకున్నా.

డబ్బు వైపు ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో జీతం, లగ్జరీ ట్యాక్స్ (టీం జీతాల మొత్తం ఒక గీత దాటితే లీగ్‌కి కట్టే పన్ను) కలిసిపోయాయి. చేతికిచ్చే జీతం వేరు, పన్నుకి లెక్కేసేది వేరు. పన్నుకి మొత్తం ఒప్పందాన్ని ఏళ్లతో భాగిస్తారు. డిగ్రామ్ చేతికి 38 వచ్చినా లెక్కలోకి వచ్చేది 185ని ఐదుతో భాగిస్తే వచ్చే 37. అలాగే సీగర్ 32.5, ఇంకో బ్యాటర్ సెమియన్ 25, పిచర్ ఇయోవాల్డీ 25. ఈ నలుగురే 119.5 మిలియన్లు. 2026కి గీత 244 దగ్గర ఉంది, అంటే నలుగురికే సగం పోయింది. దాని మీద బ్యాటర్ జాక్ పీడర్సన్ 18.5, ఆటగాళ్ల పెన్షన్, ఇన్సూరెన్స్ లాంటి వాటికి ప్రతి టీం లెక్కలో పడే ఇంకో 17, 18. గీత దాటితే మొదటి ఏడాది దాటినంత మీద 20 శాతం, వరసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది 50. రేంజర్స్ 2023లో, 2024లో కట్టింది. పైగా టీవీ డబ్బు మునుపటిలా లేదు. రేంజర్స్ మ్యాచ్‌లు చూపించిన కేబుల్ చానెళ్ల కంపెనీ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, 2025 నుంచి టీం సొంత నెట్‌వర్క్ పెట్టుకుంది. కాబట్టి ఖర్చు తగ్గించాలన్న మాట యజమానుల పిసినారితనమని నేను అనుకోను.

బ్యాటర్లని కొందామంటున్నారు. సీగర్, సెమియన్, పీడర్సన్ ముగ్గురికే 76 మిలియన్లు ఇస్తున్నాం! 2025లో మొత్తం లీగ్‌లో అందరికంటే తక్కువ ఈఆర్ఏ మనదే, 3.47, అయినా 81 గెలిచి 81 ఓడాం. ఎంత బాధగా ఉంటుందో ఆ సీట్లలో కూర్చుంటే తెలుస్తుంది, 2-1, 3-2 ఓటములు నా పుస్తకంలో పేజీలకి పేజీలు ఉన్నాయి. కానీ పీడర్సన్ .181 సగటుతో కొట్టింది డబ్బు తక్కువై కాదు, సీగర్ 102 మ్యాచ్‌లే ఆడింది డబ్బు తక్కువై కాదు. అక్కడ ఇంకా డబ్బు పోస్తే ఏదో మారుతుందని నాకు నమ్మకం లేదు.

ఇక అసలు చిక్కు. 2025లో స్టార్ట్ చేసినవాళ్లలో ప్యాట్రిక్ కార్బిన్ 30, టైలర్ మాలీ 16, మెరిల్ కెల్లీ 10, ఈ ముగ్గురూ ఇప్పుడు ఫ్రీ ఏజెంట్లు (ఒప్పందం ముగిసి ఏ టీంకైనా వెళ్లగలవాళ్లు). 162లో 56 స్టార్టులు ఖాళీ అయినట్టు, ఇన్నింగ్స్‌లో చెప్పాలంటే 300కి దగ్గర. అందరూ డిగ్రామ్ గురించి వాదించుకుంటున్నారు గానీ నన్నడిగితే ఈ చలికాలం అసలు పని ఇదే. కార్బిన్ సంగతే చూడండి. మార్చిలో గ్రే చేతికి బంతి తగిలి మణికట్టు విరిగితే హడావుడిగా అతన్ని పిలిచారు, మూల జీతం 1.1 మిలియన్, పైన బోనస్‌లు. 155 ఇన్నింగ్స్ వేశాడు, ఈఆర్ఏ 4.40. ఎవరూ అతని పేరున్న జెర్సీ కొనలేదేమో గానీ ఆ 155 లేకపోతే బుల్‌పెన్ జూన్‌కే అలిసిపోయేది. ఇలాంటి మనిషిని మార్చిలో కాకుండా జనవరిలోనే వెతుక్కోవాలంటా.

నా షీట్ ఇలా ఉంది. డిగ్రామ్ 140. ఇయోవాల్డీ 130, ఎందుకంటే 2025లో అతను వేసింది అంతే. 1.73 ఈఆర్ఏతో అద్భుతంగా ఆడుతూ ఆగస్టు చివర్లో భుజం దెబ్బతో ఆగిపోయాడు, ఫిబ్రవరిలో 36 వస్తాయి, ఇప్పటికే మోచేతికి రెండుసార్లు సర్జరీ అయిన మనిషి. జాక్ లైటర్ 155. ఇతని మీద నాకు చాలా ఆశ ఉంది, 2025లో 151 దాటాడు, జీతం కనీసానికి దగ్గర్లోనే, 2026కి లీగ్ కనీస జీతం 7,80,000 డాలర్లు. కుమార్ రాకర్ 90, కొంచెం ధైర్యం చేసి వేసిన అంకె, 5.74 ఈఆర్ఏ తర్వాత ఇది కూడా ఎక్కువంటారేమో. జేకబ్ లాట్జ్ 80. మొత్తం 595. స్టార్టర్ల నుంచి 850 కావాలనుకుంటే ఇంకా 255 తక్కువ.

నేనైతే ఆ 255కి ఇద్దరిని తీసుకుంటా. ఒకరు 150 ఇన్నింగ్స్ వేయగల నిలకడైన మనిషి, రెండేళ్లకి మించకుండా. కెల్లీ అడిగే ధర మరీ పెరగకపోతే అతనే సరిగ్గా సరిపోతాడు, లేదంటే అలాంటివాడే ఇంకొకరు. రెండోవాడు కార్బిన్ లాంటి ఏడాది ఒప్పందం. మూడేళ్లు దాటిన ఏ ఒప్పందం మీదా సంతకం చేయను, ఎంత మంచి పిచర్ అయినా సరే.

బుల్‌పెన్ గురించి పెద్దగా చెప్పను, పోయిన ఏడాది వాళ్లు చేసినదే మళ్లీ చేయాలి. యేట్స్, రాబర్ట్‌సన్, లెక్లర్క్ వెళ్లిపోయాక అందరం గుండెలు బాదుకున్నాం. ఆర్లింగ్టన్ వాడైన క్రిస్ మార్టిన్‌ని 5.5 మిలియన్లకి, షాన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని 1.25కి, ఇలా ఏడాది ఏడాది ఒప్పందాలతో కట్టారు, ఆర్మ్‌స్ట్రాంగ్ ఈఆర్ఏ 2.31 వచ్చింది. బేస్‌బాల్ వ్యవహారాలు చూసే క్రిస్ యంగ్ తనే ఒకప్పుడు పిచర్ కాబట్టి ఈ విషయంలో ఆయన కన్ను మీద నాకు గురి ఉంది.

నవంబర్ 21 లోపు ఆర్బిట్రేషన్ ఆటగాళ్లలో ఎవరిని ఉంచుకుంటారో తేలాలి. అడోలిస్ గార్సియా, జోనా హైమ్ పేర్లు ఆ జాబితాలో ఉండటం నాకు కష్టంగానే ఉంది, 2023లో వాళ్లిద్దరి కోసం గొంతు పోయేలా అరిచా. కానీ వాళ్లని వదులుకుంటే మిగిలే డబ్బు ముందు ఆ 255 ఇన్నింగ్స్‌కి పోవాలి. 21 తర్వాత షీట్ సరిచేసి ఇక్కడే కింద పెడతా, రాకర్‌కి 90 ఎక్కువనిపిస్తే ఎంత వేయాలో మీరూ చెప్పండి.