గుప్తి కర్ర, రెండు పాచికలు

ప్రశ్న: కళ్లు లేని సమురాయ్ జటోయిచి సినిమా, 2003లో వచ్చింది, చూశాను. మా అన్నయ్య ‘అది కాదురా, పాతది చూడు’ అంటున్నాడు. నిజమేనా? అసలు చూపు లేనివాడు అంతమందిని నరకడం నమ్మేలా ఉందా? – ఒక పాఠకుడు, పలాస

జవాబు: మీ అన్నయ్య మాట వినండి. కాకపోతే జటోయిచి సమురాయ్ కాడు. ఊరూరా తిరుగుతూ ఒళ్లు పట్టి బతికే మనిషి. ‘జటో’ అంటే ఆ రోజుల్లో అంధుల సంఘం ఇచ్చే హోదాల్లో అట్టడుగుది. అతని చేతిలోది మన పెద్దవాళ్లు గుప్తి అనేదే. పైకి చేతికర్ర, లోపల కత్తి. మా తాతగారిది అటక మీద ఉండేది. చిన్నప్పుడు దొంగతనంగా దించి, నేనూ మా బావా చెరో కొసా పట్టుకుని లాగాం. తుప్పు పట్టేసింది, ఊడి రాలేదు. వీపులు మాత్రం వాచాయి.

మీరు చూసింది తకేషి కిటానో తానే తీసి, నటించినది. బంగారు రంగు జుట్టు, చివర్లో స్టెప్పులు బాగుంటాయి, కాదనను. కానీ అసలు జటోయిచి అంటే నటుడు కట్సు షింటారోనే. 1962 నుంచి 1989 దాకా 26 సినిమాలు. మొదటిది నలుపు తెలుపు, దాంతోనే మొదలుపెట్టండి.

అందులో పాచికల సీను ఉంది. కప్పులో రెండు పాచికలు ఆడించి నేలమీద బోర్లిస్తాడు. సరా, బేసా? పాచికలు కప్పు బయటే పడి ఉంటాయి. గుడ్డివాడికి తెలీలేదని అందరూ వాటిని చూసి, లోపల నవ్వుకుంటూ పందెం కాస్తారు. అప్పుడు తాపీగా ‘ఇవి నా చొక్కా చేతిలోంచి జారినట్టున్నాయి’ అని తీసేసి కప్పు ఎత్తుతాడు. అసలువి లోపలే ఉన్నాయి! సంక్రాంతి గుండాటలో జేబు ఖాళీ చేసుకున్న నాలాంటివాడికి ఎంత హాయిగా ఉంటుందో.

నమ్మకం సంగతంటారా, కత్తి కాదు, అతని చెవి చూడండి. మా విజయనగరం వాళ్లకి చెవి గొప్పతనం వేరే చెప్పక్కర్లేదు. ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చూపు సరిగ్గా ఆనేది కాదు, అయినా ఆ వయొలిన్! కట్సు కూడా సంగీతం ఇంట్లో పుట్టి, షామిసెన్ అనే మూడు తీగల జపాన్ వాద్యం వాయించినవాడే. ఎవరైనా వస్తుంటే తల కొంచెం పక్కకి వాల్చి ఆగుతాడు. కత్తి దూసేది ఆ తర్వాతే.

ఆ మొదటి సినిమాలో సమురాయ్ వేరే ఉన్నాడు, క్షయతో దగ్గుతుంటాడు. ఇద్దరూ చేపలు పడుతూ స్నేహితులవుతారు. తర్వాత వంతెన మీద ఎదురుపడతారు. అక్కడికొచ్చాక ఫోన్ పక్కన పెట్టేయండి.