ప్లాస్టిక్ కవర్ పైపొరలో ఏముందో సిమ్స్ పరీక్షతో తెలుస్తుందా?

తెలుస్తుంది, సెకండరీ అయాన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ, పొట్టిగా సిమ్స్, పాలిమర్ పైన 1-2 నానోమీటర్ల మందంలో ఏ పదార్థాలున్నాయో చెబుతుంది.

వేగంగా దూసుకొచ్చే అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) ఉపరితలాన్ని కొడితే అక్కడి అణువుల ముక్కలు ఎగిరిపడతాయి. వాటిలో విద్యుదావేశం ఉన్న కొద్దిపాటి ముక్కలనే పరికరం బరువును బట్టి వేరు చేస్తుంది. లోతులో విరిగినవి బయటికి రాలేవు, అందుకే పైపొర సంగతే అందుతుంది. ప్లాస్టిక్ కరెంటును పోనివ్వదు కాబట్టి ఆవేశం పేరుకుపోకుండా ఎలక్ట్రాన్లు కూడా చల్లుతారు.

విశాఖ నుంచి ఎగుమతయ్యే రొయ్యల ప్యాకెట్ మీద అక్షరాలు గోటితో గీకితే ఊడొస్తున్నాయనుకోండి. స్పెక్ట్రమ్‌లో (ముక్కల బరువులు చూపే గ్రాఫ్‌లో) 73, 147 బరువుల దగ్గర నిలువు గీతలు, అంటే పీక్‌లు కనబడితే మొదటి అనుమానం సిలికోన్ నూనె మీదే. కంటికి కనబడని ఆ పల్చటి జిడ్డు చాలు, సిరాను అంటనివ్వదు.

పీక్ ఎంత ఎత్తుంటే సరుకు అంత ఎక్కువ అని చాలామంది అనుకుంటారు. కాదు. సిలికోన్ తేలిగ్గా అయాన్లనిస్తుంది, పిసరంత ఉన్నా పెద్ద పీకే. చుట్టూ ఉన్న పదార్థాన్ని బట్టీ ఎత్తు మారుతుంది. శాతాలు కావాలంటే తెలిసిన నమూనాలతో పోల్చాలి, లేదా ఎక్స్‌పీఎస్ (ఎక్స్-కిరణాలతో ఉపరితలంలోని మూలకాల శాతాలు కొలిచే పరీక్ష) చేయించాలి.