అన్నం పెట్టినవాళ్లకే ఓటా?

ప్రశ్న: సార్, లెబనాన్‌లో హిజ్బుల్లా అనే సాయుధ పార్టీ ఆసుపత్రులు, బడులు నడుపుతుంది కాబట్టే జనం దాని వెంట ఉన్నారని చదివాను. మా ముత్తాతకు తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో కమ్యూనిస్టుల సంఘం వాళ్లు మూడెకరాలు పంచారట, పోయేదాకా వాళ్లకే ఓటేశాడట. సాయం చేస్తే చాలు, జనం తుపాకీ పట్టినవాళ్లకైనా అమ్ముడుపోతారా?
- డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: మీ ముత్తాత అమ్ముడుపోలేదు తమ్ముడూ. వెట్టి చేయించుకున్న దొరల మీద తిరగబడి, దున్నేవాళ్లంతా కలిసి గుంజుకున్న భూమి అది. 1952లో నల్లగొండ నుంచి ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయంటే, జనం తమ పోరాటానికి తామే వేసుకున్న ఓట్లవి.

లెబనాన్ రాజధాని బీరూట్ సంగతి వేరు. 2006 ఆగస్టులో ఇజ్రాయెల్‌తో యుద్ధం ఆగి వారం కాకముందే ఇళ్లు కూలినవాళ్లను హిజ్బుల్లా మనుషులు పిలిచి, కాగితాలు చూసి, పేరు రాసుకుని, ఏడాది అద్దెకూ సామాన్లకూ అని కుటుంబానికి 12 వేల డాలర్లు నగదుగా చేతిలో పెట్టారు. ఆఫీసుల చుట్టూ తిరిగే టెన్షన్ లేదు, రేపు రా అన్నవాడు లేడు. అలాంటప్పుడు ఎవరికైనా మనసు అటే పోతుంది. కానీ జులై 12న హిజ్బుల్లా వాళ్లు సరిహద్దు దాటి ఇజ్రాయెల్ సైనికుల్ని పట్టుకుపోయాకే ఆ బాంబులు పడ్డాయి, మమ్మల్ని అడిగే ఆ పని చేశారా అని నిలదీయాల్సినవాళ్లు అద్దె డబ్బు అందుకున్నాక గొంతు పెంచలేరు. నన్ను భయపెట్టేది ఇదే. ఓటు కంటే ముందు ప్రశ్న పోతుంది.

అయినా సాయం ఒక్కటే గెలిపించదు. 2006 జనవరిలో పాలస్తీనా ఎన్నికల్లో సాయుధ సంస్థ హమాస్‌కు 132లో 74 సీట్లు వచ్చాయంటే దాని ధర్మాసుపత్రులతో పాటు అప్పటిదాకా అధికారంలో ఉన్న ఫతా పార్టీ అవినీతి మీద జనం కోపం కూడా పనిచేసింది. పాకిస్తాన్‌లో 2005 భూకంపం తర్వాత లష్కరే తోయిబాకు ముసుగు సంస్థ అయిన జమాత్ ఉద్ దవా డేరాలు వేసి, వైద్యం చేసి దేశమంతా పేరు తెచ్చుకుంది, 2018 ఎన్నికల్లో దాని మనుషులు పోటీ చేస్తే ఒక్క సీటూ రాలేదు. అదే భూకంపానికి విదేశీ సాయం కూడా కొండలెక్కి వచ్చింది, నాలుగేళ్ల తర్వాత సర్వే చేస్తే బాగా దెబ్బతిన్న ఊళ్లలోనే విదేశీయుల మీద నమ్మకం ఎక్కువగా కనిపించింది.