ఫ్రీ ప్రాక్సీ సరిపోతుందా, వీపీఎన్‌కి డబ్బు పెట్టాలా?

శ్రీకాకుళంలో లాడ్జి వైఫై మీద ఆఫీసు పని చేసుకుంటున్నానని, మీ బావగారేమో "ఫ్రీ ప్రాక్సీ పెట్టుకో, చాలు" అన్నారని రాశారు. ప్రాక్సీ అంటే మీ ఫోన్‌కీ, సైటుకీ మధ్యలో ఉండి మీ ట్రాఫిక్‌ను అటూ ఇటూ పంపే వేరేవాళ్ల సర్వర్. దయచేసి ఆ ఫ్రీ ప్రాక్సీ పెట్టుకునే పని చేయకండి. నేను చేసి దెబ్బ తిన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

2019లో విజయనగరంలో హాస్టల్లో ఉండేవాణ్ణి. అక్కడి వైఫైలో కొన్ని సైట్లు తెరుచుకునేవి కావు. నెట్‌లో దొరికిన ఫ్రీ ప్రాక్సీల జాబితా నుంచి ఒక ఐపీ అడ్రస్, పోర్టు 8080 తీసుకుని ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో వేశాను. ఏ సైటు తెరిచినా "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని ఎర్ర హెచ్చరిక. అది పోవాలంటే ఒక సర్టిఫికెట్ (సైటు అసలుదేనా అని ఫోన్ సరిచూసుకునే డిజిటల్ గుర్తింపు) ఫైల్ ఇన్‌స్టాల్ చేయమని ఆ జాబితా ఉన్న పేజీలోనే రాసి ఉంది. చేశాను. హెచ్చరిక పోయింది. దాని బదులు "మీ నెట్‌వర్క్‌ను ఎవరైనా గమనిస్తుండవచ్చు" అని పైన ఒక చిన్న నోటిఫికేషన్ వచ్చింది. వేలితో పక్కకు తోసేశాను.

మూడో రోజు రాత్రి నా మెయిల్‌లోకి ఎవరో కొత్త డివైస్ నుంచి లాగిన్ అయ్యారని మెసేజ్. ఆధార్ కాపీ, మార్కుల మెమోలు అన్నీ ఆ మెయిల్లోనే ఉన్నాయి. టెన్షన్‌తో చేతులు వణికాయి. పక్క గది అన్నయ్య ఫోన్ తీసుకుని చూసి, "ఏటి బాబూ ఇది, తాళం నువ్వే చేతిలో పెట్టేశావు కదా" అన్నాడు.

నిజంగా అదే జరిగింది. మామూలుగా హెచ్‌టీటీపీఎస్ సైట్‌లో (అడ్రస్ https అని మొదలయ్యే, సమాచారాన్ని రహస్యంగా పంపే సైటు) మీరు కొట్టే పాస్‌వర్డ్ మధ్యలో ఉన్న ప్రాక్సీకి కనపడదు, సైటు పేరు మాత్రమే తెలుస్తుంది. వాళ్ల సర్టిఫికెట్‌ను ఫోన్ నమ్మేలా చేస్తే మాత్రం బ్రౌజర్లో మీరు చేసేదంతా విప్పి చూడగలరు.

సర్టిఫికెట్ గొడవ లేకపోయినా, మామూలు ప్రాక్సీ తనంతట తాను ఏదీ ఎన్‌క్రిప్ట్ చేయదు, అంటే మధ్యలోవాళ్లు చదవలేని కోడ్‌గా మార్చదు. పైగా బ్రౌజర్ దాన్ని వాడుకుంటుంది గానీ, మిగతా యాప్‌లన్నీ వాడుకుంటాయన్న నమ్మకం లేదు. వాడుకోని యాప్‌లు లాడ్జి వైఫై మీదుగా నేరుగానే వెళ్తుంటాయి. వీపీఎన్ ఫోన్ మొత్తం ట్రాఫిక్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి తన సర్వర్‌కు పంపుతుంది. మీరు వీపీఎన్‌లో ఉన్నారనీ, ఎంత డేటా వాడుతున్నారనీ తెలుస్తుంది గానీ, ఏ సైట్లు చూస్తున్నారో లాడ్జివాళ్లకు తెలియదు. ఆ సంగతి ఇప్పుడు వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది. అందుకే ఊరూ పేరూ లేని ఫ్రీ వీపీఎన్ కూడా వద్దంటాను.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు, ఐపీలు 5 ఏళ్లపాటు దాచాలి. ఆ వివరాలు దాచడం ఇష్టం లేక ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటి వీపీఎన్ కంపెనీలు ఆ ఏడాదే ఇండియాలోని సర్వర్లు తీసేశాయి. కొనే ముందు ఆ కంపెనీ ఏం లాగ్ చేస్తుందో (మీ వాడకం గురించి ఏం రాసి దాచుకుంటుందో), బయటివాళ్లతో ఆడిట్ చేయించుకుందో చదవండి. జీమెయిల్‌లో లాగిన్ అయి ఉంటే మాత్రం ఏ వీపీఎన్ పెట్టినా మీరెవరో గూగుల్‌కి తెలుస్తూనే ఉంటుంది.

ఆఫీసు వీపీఎన్ ఇచ్చి ఉంటే ఆఫీసు పనికి అదే వాడండి. ఒక సైటు వేరే ఊరి నుంచి ఎలా కనిపిస్తుందో చూడటం లాంటి, పాస్‌వర్డ్ అవసరం లేని పనికి ప్రాక్సీ చాలు.

కొన్నాక ఆండ్రాయిడ్ వీపీఎన్ సెట్టింగ్స్‌లో "ఆల్వేస్-ఆన్ వీపీఎన్", దాని కిందే ఉండే "బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్" రెండూ ఆన్ చేయండి. కనెక్షన్ తెగినప్పుడు ఫోన్ చప్పుడు లేకుండా లాడ్జి వైఫై మీదకు జారిపోకుండా ఉంటుంది. కొన్ని బ్యాంకు యాప్‌లు వీపీఎన్ ఉంటే తెరుచుకోవు. అప్పుడు ఆ రెండు సెట్టింగ్స్ ఆఫ్ చేసి, వైఫై, వీపీఎన్ రెండూ ఆపి మొబైల్ డేటా మీద పని కానిచ్చి, తర్వాత మళ్లీ ఆన్ చేయండి.

మీ బావగారి ఫోన్ కూడా ఒకసారి తీసుకుని, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో "ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్" తెరిచి "యూజర్" ట్యాబ్ చూడండి. ఆఫీసు వాళ్లు పెట్టింది కాకుండా అక్కడ ఏదైనా ఉంటే వెంటనే తీసేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చమనండి.