గ్రీకు విషాద నాటకానికీ పౌరజీవితానికీ సంబంధం ఏమిటి?

క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో విషాద నాటకాల పోటీని నగరమే నడిపేది. ఏటా వసంతంలో, ద్రాక్షసారా దేవుడు డయోనైసస్ ఉత్సవంలో. బృందగానం ఖర్చు ఒక ధనవంతుడి నెత్తిన పడేది, ఒకరకంగా పన్నే. ఆడిపాడేది మామూలు పౌరులు. నాటకాలకు ముందు, యుద్ధంలో తండ్రులను పోగొట్టుకుని నగరం ఖర్చుతో పెరిగిన కుర్రాళ్లను కవచాలతో అందరి ముందుకూ తెచ్చేవారు.

ఆ తర్వాత అదే చోట యుద్ధం మిగిల్చిన ఏడుపు! నాకు అసలు ఆసక్తి ఇక్కడే. క్రీ.పూ. 472లో ఎస్కిలస్ ‘పర్షియన్లు’ నాటకం, ఎనిమిదేళ్ల కిందట సలామిస్ సముద్రయుద్ధంలో ఏథెన్స్ వాళ్లే ఓడించిన శత్రువుల దుఃఖాన్ని చూపింది. అంతకుముందు ఫ్రినికస్ అనే మరో నాటకకర్త మాత్రం మిత్రనగరం మిలేటస్ పర్షియన్ల చేతిలో పతనమవడాన్ని చూపించి జనాన్ని ఏడిపించాడు. అందుకు 1,000 ద్రాక్మాల (గ్రీకు వెండి నాణేలు) జరిమానా వేసి, ఆ నాటకాన్ని మళ్లీ ఎవరూ ఆడకూడదన్నారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.