రిపేర్ వీడియోలు తీయాలంటే ఏం కొనాలి?

ప్రశ్న: మేడమ్, నేను టీవీలు, ఇన్వర్టర్లు రిపేర్ చేస్తాను. ఆ పనినే తెలుగులో వీడియోలుగా పెట్టాలని ఉంది. 40 వేలు దాచుకున్నాను. మిర్రర్‌లెస్ కెమెరా కొనమని స్నేహితులు అంటున్నారు. ప్రస్తుతం రెండేళ్ల కిందటి ఆండ్రాయిడ్ ఫోన్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, చవక మల్టీమీటర్ ఉన్నాయి. మా షాపు రోడ్డు పక్కనే. దేనికి ఎంత ఖర్చు పెట్టమంటారు?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: కెమెరా ఇప్పుడే కొనకండి. టేబుల్ మీద కదలకుండా ఉండే బోర్డును తీయడానికి మీ ఫోన్ వెనక కెమెరా సరిపోతుంది. చూసేవాళ్లకు సోల్డర్ జాయింట్ స్పష్టంగా కనిపించాలి, మీ మాట వినిపించాలి. డబ్బు ముందు ఆ రెండింటికి పెట్టండి.

ఫోన్‌ను పై నుంచి పట్టుకునే ఆర్మ్ స్టాండ్ తీసుకోండి. దాన్ని పని చేసే టేబుల్‌కి బిగిస్తే మీరు స్క్రూ తిప్పినప్పుడల్లా బొమ్మ ఊగుతుంది. గోడకో, పక్కనున్న ర్యాక్‌కో బిగించండి. ఫోన్ బోర్డుకు అడుగున్నర ఎత్తులో ఉంచి, 2ఎక్స్ జూమ్ వాడండి. మరీ దగ్గర పెడితే దాని నీడ బోర్డు మీద పడుతుంది, ఫ్లక్స్ పొగ లెన్స్‌కి పడుతుంది. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు బోర్డు మీద వేలితో నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి. లేదంటే చెయ్యి అడ్డొచ్చిన ప్రతిసారీ ఫోకస్ చేతి మీదికి పోతుంది.

లైట్లు రెండు కావాలి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ముందు బటర్ పేపర్ కట్టండి. నెత్తి మీద ఒక్క లైటే ఉంటే సోల్డర్ తెల్లటి మచ్చలా మెరుస్తుంది, అది డ్రై సోల్డరో (సరిగా అతకని జాయింటో) కాదో ఎవరికీ తెలియదు. ఇంకో సంగతి: మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు తగ్గుతూ పెరుగుతూ ఉంటాయి. వీడియోలో నల్లటి చారలు కదిలేది అందుకే. ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు పోతాయి. ఇన్వర్టర్ మీది డిజిటల్ డిస్‌ప్లేలకు 1/50 మంచిది. వాటిలో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటాయి. షట్టర్ వేగం ఎక్కువైతే సగం అంకెలు మాయమవుతాయి.

మైకు విషయంలో టెన్షన్ వద్దు. వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరికే వైరు కాలర్ మైక్ చాలు. ఫ్యాన్ ఆపి, మైకు నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే రోడ్డు శబ్దం చాలావరకు వెనక్కి పోతుంది. రాత్రి తీరిగ్గా కూర్చుని వాయిస్ విడిగా చెప్పేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం పని చేస్తూ మాట్లాడిందే ఇష్టం. ‘ఇక్కడ 12 వోల్టులు రావాలి, రాలేదు, ఎందుకని?’ అంటూ మీరు ఆగి ఆలోచిస్తారు చూడండి, నేర్చుకునేవాడు మీతో కలిసి ఆలోచించేది అక్కడే.

మిగిలిన డబ్బు పని సామానుకు వాడండి. టెంపరేచర్ కంట్రోల్ ఉన్న సోల్డరింగ్ స్టేషన్, పేరున్న కంపెనీ మల్టీమీటర్. మీటర్ మీద క్యాట్ 3, 600 వోల్ట్స్ అనే భద్రతా రేటింగ్ ఉండాలి, లోపల సరైన ఫ్యూజులు ఉండాలి. దాన్ని కెమెరా వైపు కొంచెం వాల్చి పెట్టండి. ఎల్‌సీడీ అంకెలు పక్క నుంచి చూస్తే వెలిసిపోతాయి. వోల్టేజీ అలల్ని తెరమీద చూపే ఆసిలోస్కోప్ సంగతి తర్వాత చూద్దాం.

అన్నిటికంటే ముందు సీరీస్ బోర్డు, అంటే రిపేర్ చేసే టీవీకి కరెంటు ఒక బల్బు గుండా వెళ్లేలా చేసే బోర్డు, తయారు చేసుకోండి. మీకు తెలియనిది కాదు, కానీ దాన్ని వీడియోలో కనిపించేలా పెట్టండి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బే వాడాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. టీవీ సప్లైలో షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. బాగుంటే ఒక్కసారి మెరిసి తగ్గుతుంది. చూసేవాడికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? అయితే సీరీస్ బల్బు షాక్ నుంచి కాపాడదు. దానికి టీవీని మెయిన్స్ లైన్ నుంచి విడదీసే 230 వోల్ట్స్ ఇన్, 230 అవుట్ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. స్టెబిలైజర్లు, వోల్టేజీని తగ్గించి పెంచే మామూలు వేరియాక్‌లు ఆ పని చేయవు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి సామానుకు వెళ్లినప్పుడు దీని గురించీ అడగండి. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్లు ఉంటే చెప్పి చేయించుకోవచ్చు. అది పెట్టినా రెండు చేతులూ ఒకేసారి బోర్డు మీద పెట్టకూడదు.

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పాఠం చెప్పినన్నాళ్లూ చూశాను, పిల్లలు మన మాట కంటే మన చెయ్యి చూసి నేర్చుకుంటారు. టీవీ లోపలి పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్)లో మెయిన్ కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలిచి ఉంటాయి. దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి చూపించకండి. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి సున్నా వచ్చిందని చూపించండి. ఆ కొన్ని సెకన్లను ఎడిటింగ్‌లో కత్తిరించవద్దు.

ప్రశ్న: సెల్‌ఫోన్ బోర్డుల మీద వీడియోలకు యూఎస్‌బీ మైక్రోస్కోప్ చాలా?
– ఒక విద్యార్థిని, రాజమండ్రి

జవాబు: చూపించడానికి చాలు, దాని కింద సోల్డరింగ్‌కు కష్టం. యూఎస్‌బీ వాటిలో చాలావాటికి బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, చెయ్యి ఒకచోట ఉంటే తెరమీద ఇంకోచోట కనిపిస్తుంది. 0603 సైజు రెసిస్టర్ పొడవే 1.6 మిల్లీమీటర్లు, ఆ తేడాతో పక్క ప్యాడ్ ఊడొస్తుంది. హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ ఉన్నది చూడండి. లెన్స్‌కీ బోర్డుకీ మధ్య ఐరన్ ధారాళంగా తిరిగేంత ఖాళీ ఉందో లేదో, డబ్బు కట్టే ముందు షాపులోనే ఐరన్ పట్టుకుని చూసుకోండి.