బయో మందు కొడితే తోట బెట్టను తట్టుకుంటుందా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది పల్నాడు జిల్లా, వినుకొండ వైపు. బోరు కింద మూడెకరాల మిరప తోట. ఇరవై రోజులుగా చినుకు లేదు, బోరు సగం పైపే పోస్తోంది. మధ్యాహ్నానికి తోట తల వాలుస్తోంది, పూత రాలుతోంది. షాపులో సముద్రపు నాచు మందు, హ్యూమిక్, అమైనో అనే బయో మందులు (మొక్కకు ఊతమిచ్చేవట) మూడూ కలిపి కొట్టమన్నారు. ఎకరాకు రెండు వేలు దాటుతోంది. పోయిన ఏడు ఇలాగే ఒక బయో కొడితే వారం పాటు తోట నిగనిగలాడింది, తర్వాత మామూలే. కొట్టమంటారా, వద్దంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, మూడూ కలిపి మాత్రం కొట్టకండి. ఈ వారం మీ డబ్బు, మీ ఓపిక తడి మీద పెట్టండి. నాచు మందు చెడ్డదని కాదు, ఇప్పుడు దాని సమయం కాదు.

ముందు ఒక పని చేయండి. రేపు పొద్దున ఆరింటికల్లా తోటలోకి వెళ్లి ఆకు పట్టుకుని చూడండి. మధ్యాహ్నం వాలిన ఆకు తెల్లారేసరికి లేచి బిరుసుగా తగిలితే వేరు దగ్గర ఇంకా కొంత తడి ఉందన్నమాట. పొద్దున్నే కూడా వాలి ఉంటే ఆ మొక్కను వేరుతో సహా పీకండి. వేరు తెల్లగా, గట్టిగా ఉంటే నీటి కరువు. గోధుమ రంగుకు తిరిగి, వేలితో లాగితే పై తోలు ఊడివస్తే అది కుళ్లు తెగులు, దాని వైద్యం వేరు. ఈ తేడా చూడకుండా మందు కొట్టిన తోటలు నేను చాలా చూశాను, చూసినప్పుడల్లా బాధేసింది.

బెట్ట తగలగానే మొక్క ఆకు రంధ్రాలు మూసుకుంటుంది. నీళ్లు పోకుండా ఆగుతాయి గానీ, గాలి కూడా లోపలికి రాదు, ఆహారం తయారవదు. ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది. వాడుకోలేని ఆ శక్తి వల్ల ఆకులో కణాలను దెబ్బతీసే పదార్థాలు పుడతాయి. ఇథిలిన్ అనే మొక్క హార్మోన్ పెరిగి పూత తొడిమ దగ్గర ఊడుతుంది. నాచు సారం ఆ పదార్థాలను విరగ్గొట్టే ఎంజైములను ముందే సిద్ధం చేస్తుంది, కణాల్లో నీటిని పట్టి ఉంచే ప్రోలిన్ లాంటివి పెరగడానికి తోడ్పడుతుంది. అంటే బెట్టకు ముందు కొట్టాల్సిన మందు అది. వాడిపోయిన ఆకు పీల్చుకునేదీ తక్కువ, పీల్చుకున్నా నీరు లేకుండా అది చేయగలిగిందీ తక్కువే.

రిటైరయ్యాక మా ఊళ్లో ఎకరంన్నర మిరప వేశాను. నాలుగు సాళ్లకు మా అమ్మ పాత చీర అంచు చింపి గుర్తుగా కట్టి, వాటికి నాచు మందు తగలనివ్వలేదు. తడి ఉండగా, పూత మొదట్లో కొట్టిన సాళ్లు తర్వాత వచ్చిన బెట్టకు కాస్త నిబ్బరంగా నిలిచాయి. మరుసటి ఏడు పని ఒత్తిడిలో ఆలస్యమై, తోట వాడిపోయాక కొట్టాను. చీర అంచు కట్టిన సాళ్లకూ మిగతావాటికీ నా కంటికి తేడా కనపడలేదు. మీరూ కొట్టినప్పుడల్లా నాలుగు సాళ్లు వదిలేయండి. లేకపోతే మందు పనిచేసిందో, మధ్యలో పడ్డ జల్లు పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

ఇక ఇప్పటి పని. సాలు విడిచి సాలుకు నీరు పెట్టండి, తర్వాతి తడిలో మిగిలిన సాళ్లకు. దాంతో సగం బోరు కూడా తోటంతా తిరుగుతుంది. తడి ఆరి పదునుకు రాగానే పైపాటు చేయండి (సాళ్ల మధ్య పైమట్టి కదిలించండి), నెర్రెలు మూసుకుంటాయి. మొక్క తేరుకున్నాక 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరు నీటికి 10 గ్రాములు కలిపి సాయంత్రం కొట్టండి. అందులోని పొటాష్ ఆకు రంధ్రాలు సరిగా తెరుచుకుని మూసుకోవడానికి కావాలి. ఆ తర్వాత డబ్బు మిగిలితే నాచు మందు ఒక్కటే, సీసా మీద ఉన్న మోతాదులో. హ్యూమిక్ కొత్త వేళ్లు రావడానికి పనికొచ్చేది, డ్రిప్ ఉంటే అందులో వదలండి.

పోయిన ఏడు కొట్టిన బయో గురించి నాకు అనుమానంగానే ఉంది. వారంలో నిగనిగలాడిందంటే అందులో నత్రజనో, చెప్పకుండా కలిపిన హార్మోనో ఉండొచ్చు. ఒక రైతు తెచ్చిన బయో సీసా మూత తీస్తే పురుగుమందు ఘాటు గుప్పుమన్న సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. 2021 ఫిబ్రవరి 23 నుంచి బయోస్టిమ్యులెంట్లు, అంటే ఈ బయో మందులు, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. వాటిలో పురుగుమందు అవశేషం 0.01 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) దాటకూడదు. పూత నిలిపే ప్లానోఫిక్స్ లాంటి హార్మోన్ మందులు వీటి కిందికి రావు, అవి పురుగుమందుల చట్టం పరిధిలోవి. సీసా మీద అందులో ఏముందో, ఏ పంటకో, ఎంత మోతాదో చదివి బిల్లు తీసుకోండి. యూరియా కావాలంటే ఈ సీసా కూడా కొనాల్సిందే అంటే ఒప్పుకోకండి, మండల వ్యవసాయ అధికారికి రాసివ్వండి.

ప్రశ్న: యాసంగి వరి నారు చలికి ఎర్రబడి ఎదగడం లేదు. అమైనో మందు కొట్టమంటున్నారు. – కరీంనగర్ జిల్లా నుంచి ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, చలికి ముందు దుప్పటి కావాలి. సాయంత్రం మడిలోని నీళ్లు తీసేసి, పొద్దున కొత్తగా బోరు నీళ్లు పెట్టండి. తెల్లవారుజామున బోరు నీరు గోరువెచ్చగా ఉంటుంది కదా, అదే నారుకు సాయం. రాత్రిళ్లు కర్రలు పాతి, ఖాళీ యూరియా సంచులు కుట్టిన పట్టాను నారుకు తగలకుండా కప్పి, ఎండ రాగానే తీసేయండి. ఆకుల మీద తుప్పు మచ్చలు ఉంటే జింక్ లోపం కూడా ఉన్నట్టే. జింక్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు కలిపి కొట్టండి. వారం తర్వాత కొత్త ఆకు పచ్చగా వస్తే అమైనో కొనాల్సిన పని లేదు. రాకపోతే పది మొక్కలు వేళ్లతో సహా తడి గుడ్డలో చుట్టి మీ వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) చూపించండి.